మోంతాన్ చేసిన ద్రోహం ఏది?

ఈవ్ మోంతాన్ గురించి రెండే ముక్కల్లో తేల్చేస్తుంటారు: వయసులో ఉన్నప్పుడు ఎరుపు, ముసలయ్యాక ద్రోహి. ఇంత తేలిగ్గా తీర్పు చెప్పడం మీదే నా పేచీ.

అసలు పేరు ఈవో లీవీ. 1921లో ఇటలీలో పుట్టాడు. తండ్రి కమ్యూనిస్టు. ముస్సోలినీ మనుషుల దెబ్బకి కుటుంబం మార్సెయ్ చేరింది. ఈవో చిన్నప్పుడే ఫ్యాక్టరీలో, అక్క సెలూన్లో, తర్వాత రేవులో పనిచేశాడు. 1944లో ఎడిత్ పియాఫ్ చేయూతనిచ్చింది. 'ది వేజెస్ ఆఫ్ ఫియర్' (1953)లో నైట్రోగ్లిజరిన్ లారీ నడిపాక ప్రపంచమంతా గుర్తుపట్టింది. కూలి బతుకు ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

1956 నవంబర్‌లో సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌ని తొక్కేశాయి. డిసెంబర్‌లో మోంతాన్ మాస్కోలో పాడాడు. వెళ్లకుండా ఉండాల్సింది, సరే. కానీ ఆయనా, భార్య సిమోన్ సిన్యోరే కలిసి క్రుశ్చేవ్ ముందే కూర్చుని హంగరీ గురించి నిలదీశారు. ఇంట్లో కూర్చుని ఖండించడం కంటే అది కష్టమైన పని.

ఇక 'ది కన్ఫెషన్' (1970). 1952 ప్రాగ్ విచారణలో నిందితులు 14 మంది. 11 మందిని ఉరితీశారు. బతికిన ముగ్గురిలో ఒకడైన ఆర్తుర్ లండన్ రాసుకున్న కథ ఇది. ఆ పాత్ర కోసం మోంతాన్ ఒళ్లు కరిగించేశాడు. గ్రీసులో ప్రతిపక్ష ఎంపీ హత్య మీద ఇదే కోస్టా గావ్రాస్‌తో 'జెడ్' చేస్తే చప్పట్లు, పార్టీ చిత్రహింసల గురించి చేస్తే ద్రోహమా? కమ్యూనిస్టు కార్మిక నాయకుడైన సొంత అన్న జూలియన్‌తో సంబంధం కూడా ఈ సినిమాతో దెబ్బతింది. నిజం చెప్పినందుకు ఇంట్లోనే మూల్యం చెల్లించాడు. పోనీ కుడివైపుకి దూకేశాడా అంటే, 1974లో చిలీ శరణార్థుల కోసం ఒలింపియాలో పాడిందీ ఈయనే.

మరి తప్పే చేయలేదా? చేశాడు. 1984లో ఫ్రెంచ్ టీవీలో 'సంక్షోభానికి జై' అనే అర్థమొచ్చే పేరుతో ఓ కార్యక్రమం నడిపాడు. లోరేన్‌లో ఉక్కు కార్మికుల ఉద్యోగాలు ఊడుతున్న కాలమది. అలాంటప్పుడు తెరమీదకొచ్చి, సంక్షోభాన్ని అవకాశంగా తీసుకోండి, ప్రభుత్వం మీద ఆధారపడటం మానండి అనే ధోరణిలో మాట్లాడాడు. రేవులో మూటలు మోసినవాడు, స్టార్ అయ్యాక, పని పోయినవాళ్లకి ధైర్యం అమ్మాడు. క్రుశ్చేవ్‌ని అడిగిన నోటితో యజమానుల్ని ఒక్క ప్రశ్న అడగలేదు.

ద్రోహం అనే మాట వాడాల్సి వస్తే ఇక్కడ వాడండి, ఒప్పుకుంటాను. 'ది కన్ఫెషన్' జోలికి మాత్రం రావద్దు. పార్టీని ప్రశ్నించడమూ కార్మికుణ్ణి వదిలేయడమూ ఒకటే అనుకునేవాళ్లకి, ఆర్తుర్ లండన్‌ని జైల్లో పెట్టినవాళ్లు కూడా ఒప్పుగానే కనబడతారు.