పాత టేపురికార్డరు నేల బాగుచేయవలెను?

మనుజుడు తన మాటను నిలుపుకొనుటకు మొదట రాతిని, పిమ్మట తాటాకును, ఆ తరువాత కాగితమును ఆశ్రయించెను. వీనియందు మాట నిలిచెను గాని గొంతు నిలువలేదు. 1877వ సంవత్సరమున ఎడిసన్ ఫోనోగ్రాఫును కనిపెట్టిన పిదపనే పోయినవారి కంఠమును ఉన్నవారు వినగలిగిరి. 1898లో డెన్మార్కు దేశస్థుడగు పౌల్సెన్ ఉక్కుతీగెపై అయస్కాంతశక్తిచే ధ్వనిని నిలిపెను. 1928లో జర్మనీయందు ప్ఫ్లోయ్మర్ అనునతడు కాగితపు పట్టీకి ఇనుపపొడిని పూసి, తీగెకు బదులు దానిని వాడవచ్చునని చూపెను. 1935లో బెర్లిను రేడియో ప్రదర్శనమున తొలి టేపుయంత్రము లోకమునకు కనబడెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము వాల్వులతో పనిచేయు టేపురికార్డరులు దేశదేశములకు వ్యాపించెను.

నేడు అరచేతిలో నిముడు ఫోనే గంటలకొలది పాటలను పట్టి యుంచుచున్నది. ఇట్టికాలమున ఇద్దరు మోసిననే గాని కదలని ఆ పెట్టెను అటకమీదినుండి దింపి బాగుచేయుటకు శ్రమపడుట యేల యని పలువు రడుగుదురు. ఈ ప్రశ్న సమంజసమైనదే. దానికి సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటి కారణము మన ప్రాంతమునకు సంబంధించినది. ఖమ్మము మొదలు భద్రాచలమువరకు గల అడవి అంచున తెలుగుతోపాటు కోయభాషయు వినబడుచుండును. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో నాలుగు లక్షలకు పైబడినవారు కోయను తమ మాతృభాషగా చెప్పుకొనిరి. ఆ జాతి చరిత్రము గ్రంథములలో కంటె గొంతులలోనే యెక్కువగా నిలిచినది. పడిగె యను గుడ్డపటమును చూపుచు, డోలు వాయించుచు, తమ పూర్వుల గాథలను పాడువారు డోలివారు. మణుగూరు ప్రాంతమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారికి ఈ గానమునకే 2022లో పద్మశ్రీ బిరుదము లభించినది. దుమ్ముగూడెమున మిషనరీగా పనిచేసిన కెయిన్ దొరగారు 1876 మొదలు ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో భద్రాచల, రేకపల్లి తాలూకాల జనులనుగూర్చి వ్యాసములు ప్రకటించిరి. వారు ఆచారములను వ్రాసిరి, పదములను వ్రాసిరి. కాని వారు విన్న పాట యే స్వరమున నెత్తబడెనో, ఎచ్చట ఆగెనో కలము చెప్పజాలదు. అది టేపు మాత్రమే చెప్పగలదు.

ఈ కంఠములకు నేడు మరియొక యాపద కలదు. 2014లో పోలవరము ప్రాజెక్టు నిమిత్తము భద్రాచల ప్రాంతపు మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమున చేర్చబడినవి. ముంపు గ్రామములవారు వేరు తావులకు తరలుచున్నారు. ఊరు తరలినపుడు సామాను బండ్లమీద వచ్చును గాని, చెట్టుక్రింద కూర్చుండి పాడు అలవాటు బండ్లమీద రాదు. కనుక మిషను బంగళాలలోగాని, పెద్దల ఇండ్లలోగాని, గుడి యటకలపైగాని పాత టేపు చుట్ట యొక్కటి దొరికినను అది పూర్వుల ఆస్తియని యెంచవలెను.

రెండవ కారణము విద్యకు సంబంధించినది. నేటి ఫోనును విప్పి చూచిన బాలునకు అందు కానవచ్చునది నల్లని బిళ్ళలు మాత్రమే. వాల్వు యంత్రమున నన్నియు కంటికి కనబడును. తీగె ఎఱ్ఱబారుట, మోటారు తిరుగుట, రబ్బరుచక్రము టేపును లాగుట, మేజిక్ ఐ యను పచ్చని దీపము ధ్వని ననుసరించి ముడుచుకొనుట, వీనినన్నిటిని చూచుచునే అయస్కాంతశాస్త్రమును, విద్యుచ్ఛాస్త్రమును నేర్వవచ్చును. పుస్తకములో పది పుటలు చదివినను పట్టుబడని విషయము ఒక్క పగటిలో పట్టుబడును.

అయితే ఇచ్చట నొక భేదమును గుర్తెఱుగవలెను. యంత్రము గురువు వంటిది, టేపు ఆస్తి వంటిది. గురువు పనిని పరీక్షించుటకు ఆస్తిని పణముగా పెట్టరాదు. పెట్టె దొరకగానే ఉత్సాహముతో ప్లగ్గు పెట్టి, అందున్న పాత చుట్టనే ఎక్కించి మీట నొక్కుట గొప్ప ప్రమాదము. గట్టిపడిన చక్రములు టేపును త్రెంపవచ్చును. పొరపాటున రికార్డు మీట నొక్కినచో అరువదియేండ్ల నాటి పాట అరనిమిషములో చెరిగిపోవును. కావున విలువలేని టేపుతో పరీక్షలన్నియు ముగించి, రికార్డు మీట పడకుండ కట్టడి చేసిన పిమ్మటనే పాతచుట్టను ముట్టవలెను.

బాగుచేయుటకు నొక క్రమము కలదు. ఏండ్ల తరబడి నిదురించిన యంత్రమునకు ఒక్కసారిగా 230 వోల్టుల విద్యుత్తు నీయరాదు. మన రేడియో మెకానిక్కులు వాడు సిరీసు బల్బు ఇందుకు సులభమైన సాధనము. లోపల షార్టున్నచో బల్బు నిండుగా వెలుగును, యంత్రము కాలిపోదు. తొలుత మైనపు కాగితముతో చేసిన పాత కండెన్సరులను, వడపోతకు వాడు పెద్ద కండెన్సరులను మార్చవలెను. పెద్దవి ఎండిపోయినచో స్పీకరులో తుమ్మెదరొదవంటి మ్రోత వినబడును. ఒక వాల్వునుండి మరియొక వాల్వునకు ధ్వనిని చేర్చు కండెన్సరు కారినచో చివరి వాల్వు మితిమీరి వేడెక్కును, ధ్వని బొంగురుపోవును. ఇట్టి యంత్రములలో తరచుగా కనబడు ఇఎఫ్ 86, ఇసిసి 83, ఇఎల్ 84 వాల్వులు పెక్కేండ్లు పనిచేయును. వాల్వే చెడినదని తొందరపడి కొత్తది కొనువాడు తరచుగా ధనమును పోగొట్టుకొనును, లోపము మాత్రము అట్లే యుండును.

విద్యుద్భాగము సరిపడిన పిదప యంత్రభాగమును చూడవలెను. పాతబడిన కొవ్వు జిగురై బేరింగులను పట్టివేయును. దానిని తుడిచి కొత్త నూనె వేయవలెను. రబ్బరుచక్రము గట్టిపడినను, నొక్కుపడినను పాట వణకును. టేపు తాకు హెడ్డుపై మట్టి పేరుకొన్నచో ధ్వని దుప్పటి చాటునుండి వచ్చినట్లుండును. ఇందుకు దూదియు, కొంచెము ఆల్కహాలును చాలును. పాత పాట వినబడుచున్నను కొత్తది పడనిచో, పాతది చెరగనిచో, చెరుపుటకు వలసిన అధికపౌనఃపున్య విద్యుత్తు పుట్టుట లేదనియో, రికార్డు మీట లోపలి స్పర్శలు మాసినవనియో యూహింపవలెను. ఇట్లు ఒక్కొక్క లక్షణమునుండి ఒక్కొక్క కారణమును వెదకుట తర్కశాస్త్రమునకు మంచి అభ్యాసము.

మిషను సంస్థలవారు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. అమెరికానుండి తెచ్చిన యంత్రములు 60 సైకిళ్ల విద్యుత్తునకు చేయబడినవి. మన దేశమున నున్నది 50 సైకిళ్లు. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినచో వోల్టులు సరిపడును గాని సైకిళ్లు మారవు. అట్టి యంత్రముల మోటారు సామాన్యముగా సైకిళ్లనే అనుసరించును గనుక, సెకనునకు ఏడున్నర అంగుళములు పోవలసిన టేపు ఆరుంబాతికయే పోవును. అచ్చట రికార్డయిన పాటను నేడు సరియైన వేగముగల యంత్రముపై వినిపించినచో షడ్జమమున నిలువవలసిన గొంతు సాధారణ గాంధారమున నిలుచును. ముసలితాత పాట పిల్లవాని పాటవలె తోచును. వినువారు పాటగాని గొంతే అట్టిదని భ్రమపడుదురు. ఇందుకు పరిష్కార మొకటి కలదు. రికార్డు చేసినపుడు విద్యుత్తు మ్రోత టేపుపై పడియున్నచో, కంప్యూటరుపై దానిని కొలువవచ్చును. 50 ఉండవలసినచోట 60 కనబడినచో వేగము హెచ్చినదని తెలిసికొని సరిచేసికొనవచ్చును. యంత్రపు లోపము నెఱిగినవాడే పాటకు న్యాయము చేయగలడు.

ఇక టేపుల సంగతి. గోదావరి తీరపు తేమయే వీనికి ప్రథమశత్రువు. 1986లో భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకును, 2022లో 71.3 అడుగులకును పెరిగినది. నీరు చొరని ఇండ్లలో సైతము వానకాలపు చెమ్మ బూజును పుట్టించును. ఎసిటేటు టేపు చెడుచున్నచో పులిసిన వాసన వచ్చును, పెళుసై విరుగును. తరువాతి కాలపు టేపులలో కొన్ని జిగటపడి హెడ్డునకు అంటుకొనును. వీనిని నిపుణులు తగుమాత్రపు వేడిలో ఆరబెట్టి వినిపింతురు. ఇంటి పొయ్యిపై నట్టి ప్రయోగము చేయరాదు.

ఆక్షేపణలు లేకపోలేదు. ట్రాన్సిస్టరులతో చేసిన తరువాతి యంత్రములు టేపును మరింత మృదువుగా నడపును గనుక వానిపైననే వినిపింపవచ్చును గదా యని కొంద రందురు. ఇది నిజమే. పెళుసైన అమూల్యపు చుట్టను అట్టి యంత్రము వద్దకే, అట్టి నిపుణుల వద్దకే పంపవలెను. అంతమాత్రమున వాల్వు యంత్రము వ్యర్థము గాదు. పాత టేపు ఏ వేగమున, ఏ పట్టీపై, ఎట్టి లోపములతో రికార్డయినదో తెలియుటకు దానిని రికార్డు చేసిన యంత్రమే మంచి సాక్షి. సాక్షిని పాత ఇనుము కొట్టునకు అమ్మి, పిమ్మట విచారణ జరుపుట వివేకము గాదు.

రెండవ ఆక్షేపణ ప్రమాదమును గూర్చినది. వాల్వులకు 250 వోల్టులవరకును అవసరము. మీట ఆపి ప్లగ్గు తీసిన తరువాతను కండెన్సరులలో ప్రాణాంతకమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును. తల్లిదండ్రుల భయము న్యాయమైనది. అందుచే విద్యార్థి ఒంటరిగా పెట్టె విప్పరాదు. అనుభవజ్ఞుడగు మెకానిక్కో, ఉపాధ్యాయుడో దగ్గరనుండి, రెసిస్టరు ద్వారా ఆ విద్యుత్తును తొలగించి, మీటరుతో కొలిచి చూపిన పిదపనే చేయి పెట్టవలెను. విద్యార్థులు శుభ్రపరచుట, పటము గీయుట, లక్షణములను వ్రాసికొనుట, విడిభాగములపై టంకము వేయుట నేర్వవచ్చును. భయమును విడుచుట గాదు, భయమును క్రమములో పెట్టుటయే విద్య.

వ్యయమును గూర్చియు నొక మాట. కండెన్సరుల వెల స్వల్పము. వెల హెచ్చినది ఓపికయే. మన పట్టణములలో వాల్వు రేడియోలను బాగుచేసిన వృద్ధ మెకానిక్కులు రానురాను తగ్గుచున్నారు. వారి చేతివిద్య పుస్తకములలో లేదు. ఒక యంత్రమును నిమిత్తముగా పెట్టుకొని వారిని పాఠశాలకు పిలుచుట రెండు విధముల లాభము. యంత్రము పలుకును, విద్య మిగులును.

టేపు పలికిన తరువాత మన ధర్మము ముగియదు. పాడినవారి పేరు, ఊరు, భాష, తెలిసినంతవరకు తేది వ్రాసి పెట్టవలెను. కంప్యూటరునందు రెండు మూడు ప్రతులుంచవలెను. మూలపు చుట్టను పారవేయరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ పాట ఏ ఇంటిదో, ఏ గూడెముదో ఆ యింటివారికి తొలుత వినిపింపవలెను. కులదైవమునకు సంబంధించిన గానము నందఱి యెదుట వినిపింపవచ్చునా లేదా యని నిర్ణయించు నధికారము వారిది. రికార్డు చేసిన యంత్రము మనదైనంతమాత్రమున గొంతు మనది గాదు.

ప్రియ విద్యార్థులారా! భూమిలో పాతిపెట్టబడిన తలాంతు కథను మీరందఱు నెఱుగుదురు. అటకమీది టేపును అట్టి తలాంతుగా నెంచుడు. ఈ సెలవులలో మీ యిండ్ల అటకలను, తాతల పెట్టెలను ఒక్కసారి చూడుడు. చుట్ట యేదైన దొరికినచో తిప్పిచూడక, ఎండలో పెట్టక, పొడి గుడ్డలో చుట్టి, దానిపై పేరు వ్రాసి ఉపాధ్యాయులకు చూపుడు. తల్లిదండ్రులారా! పాతసామాను కొనువాని కేక వినబడినపుడు ఆ పెట్టెను తూకమునకు వేయకముందు ఒక్కమాట పాఠశాలకు తెలుపుడు. ఇనుము విలువ తక్కెడకు తెలియును. లోపలి కంఠముల విలువ మనకే తెలియవలెను.