పెరటి మూలిక – వాకిటి కుక్క

"పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదు" అని మన పెద్దలు సామెత చెప్పిరి. చేతికందినది చులకన యగునని దాని భావము. చంద్రపూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఇప్పుడా సామెత తలక్రిందులైనది. ఇంటి కుక్కకు జబ్బు చేసినచో పెరటిచెట్టు తప్ప మరి యేదియు వైద్యమునకు పనికిరాదనెడి వాదము బలపడుచున్నది. "తాతలనాటి మూలికలుండగా సూదులేల, మాత్రలేల?" అని కొందరు పెద్దలు నిండుసభలోనే ప్రశ్నించుచున్నారు. ఆ మాట వినుటకు ఇంపుగా నున్నది; మన జాత్యభిమానమునకు తృప్తి కలిగించుచున్నది. కాని అది సగము సత్యము మాత్రమే. సగము సత్యము ఒక్కొక్కప్పుడు పూర్తి అసత్యము కంటె ఎక్కువ హాని చేయును. ఆ వాదమును ఖండించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము వైద్యులము కాము, పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, జీవితమంతయు కచేరీలో దస్త్రములు వ్రాసి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవారము. గుమాస్తా ఎఱిగిన న్యాయమొక్కటే: తేదీ, పరిమాణము, సంతకము లేని కాగితము చెల్లదు. ఆ న్యాయమును మూలికలకును టీకాలకును సమానముగా వర్తింపజేసి చూడగోరుచున్నాము.

ఈ సీమకును తెలుగునకును గల సంబంధము నిన్నటిది కాదు. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా అగువరకు సిరొంచ సీమ ఈ జిల్లాలోనిదే. దక్షిణమున ఆసిఫాబాదు మనకు పొరుగు. బల్లార్‌పూరు కాగితపు మిల్లునకు, బొగ్గుగనులకు, విద్యుత్కేంద్రమునకు పనికై వచ్చిన మనవారు తమతో భాషను, పండుగలను, పచ్చళ్లను తెచ్చుకొనిరి. అవ్వల చిట్కాలను గూడ తెచ్చుకొనిరి. వాకిట కుక్కను పెంచుట మనకు పల్లెనుండి వచ్చిన అలవాటే. కనుక కుక్కకు చేయవలసిన వైద్యమును గూర్చిన ఈ చర్చ చిల్లర విషయము కాదు. ఒక జీవి ప్రాణమును, దానితో ఆడుకొను పిల్లల ప్రాణమును ఇందులో ఇమిడియున్నవి.

మొదట మూలికల పక్షమున చెప్పవలసినది చెప్పెదము. పశువైద్యము మన దేశమునకు క్రొత్త కాదు. గుఱ్ఱముల వైద్యమునకు శాలిహోత్రుని పేరును, ఏనుగుల వైద్యమునకు పాలకాప్యుని పేరును మన పూర్వులు స్మరించిరి. కల్యాణ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో కుక్కలకును చోటు దొరకినది. ఇంతటి పరంపరను నాటుమందని వెక్కిరించుట అవివేకము. నేటికిని పాలిచ్చు పశువుల పొదుగువాపునకు కలబంద, పసుపు, సున్నము కలిపి నూరిన లేపనమును జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ రైతులకు బోధించుచున్నది. మూలిక పరీక్షకు నిలిచినచో దానికి గౌరవము తప్పక లభించునని ఇందువలన తెలియుచున్నది.

అయితే పూర్వపు పశువైద్యుని చేతిలో నున్నది కేవలము ఆకు కాదు. ఏ చెట్టు, దానిలో ఏ భాగము, ఏ ఋతువులో కోసినది, ఎంత తూకము, ఎన్ని దినములు, ఎప్పుడు మానవలెను – ఇన్నియు అతని ఎఱుకలో నుండెను. మనకు దక్కినది ఆ ఎఱుక కాదు. చెట్ల పేర్లు మాత్రమే. వలస వచ్చినవారి మూటలో తేలిక వస్తువులే మిగులును గదా! పేర్లు తేలిక. తూకములు బరువు. తూకములను దారిలో వదలి, పేర్లను మాత్రము వారసత్వమని చెప్పుకొనుచున్నాము.

ఆ పేర్లయినను నిలిచినవా? మన పిల్లలకు వేప తెలియదు, కడూనింబ తెలియును. కానుగ తెలియదు, కరంజ తెలియును. ఉమ్మెత్తను ధోత్రా యందురు. జిల్లేడును రుయీ యందురు. అవ్వ తెలుగులో చెప్పినది మనుమడు మరాఠీలోనికి మార్చుకొని అంగడికి పోవుచున్నాడు. మనము వస యనునది ఒక దుంప. సంస్కృతమున వాసా యనునది అడ్డసరము. మరాఠీలో మొదటిది వేఖండ్, రెండవది అడుళసా. "వస" యని యడిగినవాని చేతిలో వర్తకుడు "వాసా" పెట్టినచో తప్పెవరిది? పిల్లవానిది కాదు, వర్తకునిది కాదు. సగము విద్యను పూర్తి విద్యయని అప్పగించిన మనదే.

ఇక మూలిక దేనికి పనికివచ్చునో, దేనికి పనికిరాదో, ఎక్కడ ప్రాణము తీయునో విడివిడిగా చూతము.

పనికివచ్చు చోట్లు కలవు. వేపాకు కాచి చల్లార్చిన నీటితో స్నానము చేయించినచో దురద కొంత తగ్గును. చిన్న గీతలను ఉప్పునీటితో కడిగి పలుచగా పసుపు పూయవచ్చును. ఒక పూట విరేచనములైనచో ఉడికించిన గుమ్మడి, గంజి, పెరుగు పెట్టి చూడవచ్చును. మన చంద్రపూరు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటును. కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు, నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లదనము. అప్పుడు దానికి నీడయు, నీరును, పలుచని మజ్జిగయు ఏ మందుకంటెను మేలు. ఇంతవరకు పెరటి వైద్యమునకు మేము చేతులెత్తి నమస్కరింతుము.

ప్రాణము తీయు చోట్లును కలవు. వెల్లుల్లి తినిపించినచో పిడుదులు, అనగా గోమార్లు, పారిపోవునని మన యిండ్లలో నమ్మకము. ఉల్లియు వెల్లుల్లియు ఒకే కుటుంబమునకు చెందినవి. రెండును కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను చిట్లజేయును. ఉల్లియైనచో కుక్క బరువులో కిలో ఒక్కంటికి 15 మొదలు 30 గ్రాములు చాలును. పది కిలోల కుక్కకు అది 150 గ్రాములు, అనగా నొక పెద్ద ఉల్లిగడ్డ. వండినను దాని విషము పోదు. మనకు అమృతమైనది దానికి విషమగుట ఎట్లని యడుగుదురేమో! కుక్క శరీరము మన శరీరమునకు చిన్న నకలు కాదు, అదియే సమాధానము. కొబ్బరినూనెలో కర్పూరము కలిపి పూయువారు కలరు. కుక్క తన ఒంటిని తాను నాకును. కర్పూరము దాని కడుపులోనికి పోయి మూర్ఛలు తెప్పింపగలదు. గజ్జికి వాడిన ఇంజను నూనె పూయువారును గనుల పేటలలో కలరు. అది మూలిక కాదు, తాతలనాటిదియు కాదు. అయినను "నాటు వైద్యము" అను పేరుతోనే చెల్లుచున్నది. ఉమ్మెత్త గింజ మతి చెడగొట్టును. జిల్లేటి పాలు గుండెకు చేటు. చెట్టున పుట్టినదంతయు మేలే చేయునను మాట చెట్లను ఎఱుగనివారి మాట.

ఇట్లని మందుల అంగడి మాత్రలను మేము వెనుకవేసికొనివచ్చుట లేదు. మన నొప్పులకు మ్రింగు ఇబుప్రొఫెన్ మాత్రను జాలిపడి కుక్కకు వేయువారును తప్పుచేయుచున్నవారే. అది కుక్క కడుపున పుండ్లు పుట్టించి, మూత్రపిండములను చెఱుచును. ఆకైనను మాత్రయైనను, కొలత తెలియని చేతిలో రెండును ఒక్కటే.

మూడవది, మూలిక మౌనము వహించు చోటు. పిడుదు కాటువలన వచ్చు జ్వరములో సూక్ష్మజీవి రక్తములో దాగియుండును. బొప్పాయి ఆకు పసరు దానిని చంపదు; ఆ జ్వరములలో ముఖ్యమైన ఎర్లీకియా వ్యాధికి డాక్సీసైక్లిన్ అను మందు కలదు. పిడుదు మన గోడల పగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును గనుక, కుక్కను కడిగి గోడను విడిచిపెట్టినచో ఫలితము లేదు. 1978 ప్రాంతమున ప్రపంచమంతట వ్యాపించిన పార్వో వ్యాధి కుక్కపిల్లలను రెండు మూడు దినములలో తీసికొనిపోవును. నెత్తుటి విరేచనములైనప్పుడు దానిమ్మ తొక్క నూరుచు కూర్చున్న ప్రతి గడియయు ఆ పిల్ల ఆయువులోని గడియయే.

అన్నిటికంటె ఘోరమైనది రేబీస్, మన భాషలో పిచ్చికుక్క వ్యాధి. లక్షణములు కనబడిన పిమ్మట మనిషికి గాని కుక్కకు గాని దాదాపుగా బ్రతుకు లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2022–23లో జరిపిన సర్వేను బట్టి మన దేశమున ఏటేట సుమారు 5,700 మంది దీనికి బలియగుచున్నట్లు అంచనా. అయినను కుక్క కఱచినప్పుడు కారము, సున్నము అద్దువారు, పసరుకై ఏటి యావలి పల్లెకు పరుగెత్తువారు మనలో నేటికిని కలరు. "ఆ పసరు త్రాగినవాడు బ్రతికెను గదా" యందురు. కఱచిన ప్రతి కుక్కయు పిచ్చిది కాదు. పిచ్చికుక్క కఱచిన ప్రతివానికిని వ్యాధి రాదు. రానివారందరును పసరు ఖాతాలో జమయగుచున్నారు. వచ్చినవారు ఏ ఖాతాలోను కనబడరు. వారు సాక్ష్యము చెప్పుటకు తిరిగి రారు. ఖర్చు వ్రాయక జమ మాత్రమే వ్రాసిన లెక్కను ఏ కచేరీలోనైనను అంగీకరింతురా?

టీకా యనిన భయపడుటకు ఒకప్పుడు కారణముండెను. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన గొఱ్ఱెమెదడు టీకాను కడుపు చుట్టును 14 దినములు పొడిచెడివారు. దాని బాధ మా తరము వారెఱుగుదురు. కాని దాని తయారీని మన దేశమున 2004లోనే నిలిపివేసిరి. ఇప్పుడు భుజమున నాలుగైదు సూదులతో పని ముగియును. గాయము లోతైనచో ఇమ్యునోగ్లోబులిన్ గూడ వేయుదురు. కఱచిన వెంటనే సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడుగుట అన్నిటికంటె మొదటి పని. ఇక కుక్కకైతే మూడు నెలల వయస్సున మొదటి టీకాయు, అటుపిమ్మట వైద్యుడు చెప్పిన గడువున మరల టీకాయు చాలును. కుక్కకు వేయించిన ఒక్క సూది ఇంటిల్లిపాదికిని కావలి.

"మా కుక్క గడప దాటదు" అని కొందరందురు. గడప దాటనిది మీ కుక్క; వీధికుక్కకు గడప లేదు. పైగా మనము తాడోబా అడవి ప్రక్కన కాపురమున్నవారము. చిఱుత కుక్కకై ఊరిలోనికి వచ్చుట ఇచట క్రొత్త వార్త కాదు. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు చనిపోగా, వానిలో కొన్నిటికి డిస్టెంపరు వ్యాధి సోకినట్లు తేలెను. కుక్కలకు వచ్చు వ్యాధియే అది. టీకా లేని మన కుక్కల వ్యాధి రేపు తాడోబా పులికి సోకినచో, ఏ కషాయము కాచి ఆ పులికి పోయగలము?

"మా తాత కుక్క ఏ టీకాయు లేక పదునైదేండ్లు బ్రతికెను" అని మరియొక వాదము. ఆ కుక్కతో పుట్టిన తక్కిన ఐదు పిల్లలును ఏమైనవో తాతగారు చెప్పలేదు, మనమును అడుగలేదు. వైద్యులు డబ్బుకై సూదులు పొడుతురను ఆక్షేపణయును కలదు. జిల్లాలో ప్రభుత్వ పశువైద్యశాలలు కలవు. అచటికి ఒక్కమారైనను పోకుండ ఈ ఆక్షేపణ చేయుట ధర్మము కాదు.

కావున మన సంఘమువారికి మా విన్నపము మూడు మాటలు. మొదటిది: అవ్వలింకను జీవించియుండగానే వారి చిట్కాలను ఒక పుస్తకమున వ్రాయింపుడు. మూలిక పేరు తెలుగులోను మరాఠీలోను, వాడు భాగము, తూకము, ఏ జబ్బునకు, ఎప్పుడు మానవలెను – ఇన్ని గడులును నింపి, పశువైద్యునికి చూపి, అతడు సంతకము పెట్టిన వానినే అచ్చువేయింపుడు. రెండవది: ప్రతి సెప్టెంబరు 28న, పాస్టరు మహాశయుడు 1895లో పరమపదించిన ఆ దినమున, లోకము రేబీస్ నిర్మూలనకై కేటాయించుకొనిన ఆ దినముననే, మన కుక్కలకును మన వీధికుక్కలకును సంఘము పక్షమున టీకాలు వేయింపుడు. మూడవది: కుక్కకాటునకు పసరును సిఫారసు చేయు మాట ఇకమీదట మన సభలో వినబడనీయకుడు.

వేపచెట్టును కొట్టివేయుమని మేము చెప్పలేదు. దాని నీడను కుక్కను పడుకొననిండు, దాని ఆకులతో స్నానము చేయింపుడు. కాని ఆ కుక్క టీకా చీటిని గూడ మీ రేషను కార్డు ప్రక్కనే భద్రముగా దాచుకొనుడు. చీటి లేని కుక్క ఏ యింటనున్నదో, ఆ యింటి పెద్ద ఈ వారమే దానిని వైద్యశాలకు తీసికొనిపోవలెనని మా కోరిక.