ఆటకూ పథ్యమున్నది

"పదిమందితో కలిసి ఆడే ఈ ఫోను ఆట మా అబ్బాయికి తగినదేనా?" అని అమలాపురంలో తల్లిదండ్రులు తరచు అడుగుచున్నారు. 2020లో కేంద్రప్రభుత్వం పబ్జీని నిషేధించినది దేశభద్రత కొరకు. బాలల ఆరోగ్యం కొరకు కాదు. 2021లో వచ్చిన బీజీఎంఐ 18 ఏండ్లలోపు వారికి దినమునకు 3 గంటల పరిమితి పెట్టినది. నా దృష్టిలో అదియు నేత్రములకు అతియోగమే. రాత్రి జాగరణ వాతమును ప్రకోపింపజేయును.

కబడ్డీ చీకటి పడగానే ముగియును. ఈ ఆటలో నడుమ లేచినచో జట్టువారు నిందింతురు. కనుక ముగింపు బాలుని చేతిలో లేదు.

ఆట పేరును కాక బాలుని పరీక్షింపవలెను. పిలిచిన వెంటనే భోజనమునకు లేచునా? వేళకు నిద్రించునా? తోడి ఆటగాండ్రెవరో మీకు తెలియునా? మూడింటికీ అవునన్నచో సెలవునాడు అరగంట ఆడనీయవచ్చును. ఒక్కదానికి కాదన్నను మాన్పించి, ఆ వేళలో మీరే వానికి తోడుగా ఆడవలెను.