ఒక్క అక్షరం

కాలు వాస్తే కంటికి కనబడుతుంది. మెదడు వాస్తే? మా అమ్మ నన్నే పట్టుకొని “ఎవరు నాయనా నువ్వు?” అని అడిగిన నాటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. అల్జీమర్సు జబ్బులో మెదడుకు సన్నని వాపు కూడా ఉంటుందన్నారు డాక్టరుగారు.

మెదడులో మైక్రోగ్లియా అనే కావలి కణాలున్నాయి. అలజడి పుడితే వాటిలో టి.ఎస్.పి.ఓ. అనే ప్రోటీను పెరుగుతుంది. దానికి అతుక్కొనే మందుకు రేడియోధార్మిక కార్బన్-11 చేర్చి, ఇంజెక్షనిచ్చి, పెట్ యంత్రంతో జాడ తీస్తారు. ఆ కార్బను 20 నిమిషాలకు సగమైపోతుంది. తయారు చేసినవాళ్లు పరుగెత్తవలసిందే!

పి.కె.11195 అనే పాత మందుకంటె గట్టిగా అతుక్కొనేదని పి.బి.ఆర్.28 తయారు చేశారు. తీరా చూస్తే కొందరిలో అది దాదాపు అంటనేలేదు. ప్రోటీను లేకనా? కాదు సుమా! వాళ్ల జన్యువులో ఒక్క అక్షరం వేరని 2012లో తేలింది. అందుకే ఇలాంటి మందులు వాడేముందు జన్యుపరీక్ష చేస్తున్నారు.

ఒక్క అక్షరం మారితే గణం చెడుతుందని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఇంత సంగతి ఉందనుకోలేదు.

కనబడనంత మాత్రాన లేదనుకోరాదు. అమ్మ నా పేరు మరచిపోయింది; “అన్నం తిన్నావా?” అని అడగటం మాత్రం మరవలేదు.