కెమెరా మూతకి జేబు ఒక్కటే ఉండాలి



ఈ మధ్య మన ఊళ్లలో కెమెరాలు పెరిగినాయి. ఒకప్పుడు కెమెరా అంటే పెళ్లిళ్లు తీసేవాళ్ల దగ్గరే ఉండేది. ఇప్పుడు మిరప నారు దగ్గర్నుంచి కోత మిషన్ దాకా అన్నీ మనమే వీడియో తీసి పక్క ఊరి రైతుకి చూపిస్తున్నాం. మంచిదే. ఫోన్ చాలనుకున్నవాళ్లు ఫోన్‌తో తీస్తున్నారు. ఆకు అడుగున పురుగు గుడ్లు కూడా కనపడేలా తీయాలనుకునేవాళ్లు కాస్త డబ్బు పోగేసి లెన్సు మార్చుకునే కెమెరా కొంటున్నారు. ఇవాళ రాసేది ఈ రెండోవాళ్ల కోసం. అదీ కెమెరా గురించి కాదు, లెన్సు ముందుండే నల్ల మూత గురించి.

దీనికో పెద్ద పోస్టా అని నవ్వుకోకండి. పెళ్లి మండపంలో ఆ మూత పడిపోతే కుర్చీల కింద దొరుకుద్ది, దొరక్కపోతే ఇంకోటి కొనుక్కుంటారు, అంతటితో అయిపోద్ది. పొలంలో పడితే అట్లా కాదు. వరి కోతప్పుడు గడ్డిలో పడిందనుకోండి. ఆ గడ్డి మోపు కడతాం, వాము వేస్తాం, నాలుగు నెలల తర్వాత తీసి చాఫ్ కట్టర్‌లో పెడతాం. బ్లేడు దాన్ని ముక్కలు చేసి మేతలో కలిపేస్తది. ఆ మూత అంతా ప్లాస్టిక్ కూడా కాదు. నొక్కితే లోపలికి పోయి వదిలితే బయటికి వచ్చే ఆ రెండు చెవుల వెనక చిన్న స్ప్రింగులు ఉంటాయి. మేక అయితే పెదాలతో ఏరుకుని తింటది. గేదె అట్లా ఏరదు, నాలుకతో చుట్టి తీసుకుని సరిగ్గా నమలకుండానే మింగేస్తది, నెమరు తర్వాత సంగతి. మేకులు, తీగ ముక్కలు మింగిన గొడ్డుకి అవి పొట్ట గోడలో గుచ్చుకుని గుండె వైపు పోతాయని పశువుల డాక్టర్లు చెప్పేది మనందరికీ తెలుసు. పాలిచ్చే గేదె ఖరీదు ఎంతో, ఆ మూత ఖరీదు ఎంతో మీరే లెక్క వేసుకోండి. పైగా మనం తీసేది చాలాసార్లు మన పొలంలో కూడా కాదు. పక్కాయన పైరు బాగుందని పిలిస్తే పోయి తీస్తాం. ఆయన గడ్డిలో మన ప్లాస్టిక్ వదిలి రావడం మర్యాద కాదు.

అందుకే నేననేది, పొలంలో ఆ మూతకి రెండే చోట్లు. ఉంటే లెన్సు మీద ఉండాలి, లేకపోతే ఒకే ఒక్క జేబులో ఉండాలి. గట్టు మీద పెట్టకూడదు. ట్రాక్టర్ మడ్‌గార్డు మీద, మోటారు స్టార్టర్ పెట్టె మీద అసలే వద్దు, అక్కడ పెట్టింది ఆ అదురుకి ఎటో జారిపోద్ది. "ఇది కాస్త పట్టుకోరా" అని పిల్లోడి చేతికి ఇవ్వడం అన్నిటికన్నా అన్యాయం. వాడు అది పట్టుకుని ఎంతసేపు నిలబడతాడు? తూనీగ కనపడితే దాని వెనక పోతాడు. తర్వాత వాణ్ని తిడతాం. తప్పు వాడిది కాదు.

ఏ జేబు అనేది మీ ఇష్టం, కానీ రోజూ అదే జేబు కావాలి. చొక్కాకి ఎడమవైపు గుండీ ఉన్న పై జేబు అన్నిటికన్నా మేలు. ప్యాంటు జేబులో అయితే వంగినప్పుడు, గట్టు దిగినప్పుడు పైకి వచ్చి పడిపోద్ది. లుంగీ మడతలో దోపుకునేవాళ్లకి చెప్పేదేమీ లేదు, దేవుడే కాపాడాలి. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు. తాళాలు, చిల్లర, యూరియా గుళికలు, విత్తనం గింజలు, పొగాకు పొడి ఏది ఉన్నా మూత లోపలి వైపు అంటుకుంటది. మళ్లీ మూత పెట్టినప్పుడు అదంతా అద్దం మీదికి పోద్ది. లోపలి వైపు ఒంటి వైపుకి ఉండేలా పెట్టుకుని, తిరిగి పెట్టేముందు దాన్ని తిరగేసి ఒకసారి గట్టిగా దులపండి. తువ్వాలుతో అద్దం తుడవడం మాత్రం మానేయండి. మన దుమ్ములో ఇసక రేణువులు ఉంటాయి. పొడిగా రుద్దితే అద్దం మీద పూతకి గీతలు పడతాయి. మందుల షాపులో దొరికే రబ్బరు బుడ్డితో ముందు ఊది, మిగిలిందాన్ని మెత్తటి లెన్సు గుడ్డతో తీయాలి.

చీర కట్టుకునే అక్కలకి ఈ జేబు సలహా పనికి రాదని తెలుసు. ఆకువక్క సంచి లాంటి చిన్న గుడ్డ సంచి నడుముకి దోపుకుంటే జేబుకన్నా భద్రం. అందులో ఆకువక్క మాత్రం వద్దు.

కొందరు దారం అమ్ముతారు. మూతకి ఒక చివర అంటించి, ఇంకో చివర కెమెరాకి కడితే మూత వేలాడుతూ ఉంటది, పోదు. చూడటానికి తెలివిగానే ఉంది. కానీ పొలంలో నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలికి ఆ మూత ఊగి కెమెరాకి టకటకా కొట్టుకుంటది, ఆ చప్పుడంతా వీడియోలోకి వస్తది. అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏంటంటే, మనం తీసేది తిరిగే మిషన్ల పక్కన. ట్రాక్టర్ వెనక పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుద్ది. అంటే సెకనుకి 9 చుట్లు. దారం కొస ఒకసారి దానికి చుట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే టైము ఎవరికీ ఉండదు. నూర్పిడి మిషన్ దగ్గర కొంగు, తువ్వాలు, వదులు చొక్కా వద్దని ఇంట్లోవాళ్లకి చెప్తాం. అదే మాట మూత దారానికీ వర్తిస్తది, మెడలో వేలాడే కెమెరా పట్టీకీ వర్తిస్తది. మిషన్ దగ్గర తీసేటప్పుడు పట్టీ మెడలోంచి తీసి చేతికి చుట్టుకోకుండా సంచిలో పెట్టేయండి. కెమెరాని ట్రైపాడ్ మీద దూరంగా నిలబెట్టి జూమ్ చేసుకోండి.

ఇక ఇంకో వాదన ఉంది. "ముందు ఒక ఫిల్టర్ బిగించి మూత ఇంట్లో పడేస్తే సరిపోద్ది, ఈ తీయడం పెట్టడం గోల ఎందుకు" అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ఒక పురుగుని పది కోణాల్లో తీసేటప్పుడు ప్రతి ఫొటోకీ మూత పెట్టి తీసి కూర్చుంటే పురుగు ఎగిరిపోద్ది. పని మొదలుపెట్టినప్పుడు ఒకసారి తీయాలి, పని అయ్యాక ఒకసారి పెట్టాలి. మధ్యలో ఎండ పొడి, చిన్న రాయి తగలకుండా లెన్సు హుడ్, ఫిల్టర్ చాలు. ఇక్కడిదాకా వాళ్ల మాటే నా మాట. కానీ మూత ఇంట్లో పడేయడం దగ్గర ఒప్పుకోను. పొలంలో మూత తప్పనిసరిగా పెట్టాల్సిన సందర్భాలు ఉన్నాయి.

ఒకటి మందు కొట్టేటప్పుడు. ఈసీ మందుల్లో నూనెలాంటి ద్రావకం ఉంటది. ఆ తుంపర అద్దం మీద పడి ఎండితే నీళ్లతో పోదు. పక్క పొలంలో కొడుతున్నా సరే, గాలి మన వైపుకి ఉందంటే మూత పెట్టేయాల్సిందే. మందు అంటిన చేత్తో మూత ముట్టుకోవద్దు.

రెండోది ఎండ. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చని వాళ్లు ఉండరు. లెన్సు కూడా అదే పని చేస్తది. చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో స్విచ్చి ఆపేసినా సెన్సార్ తెరిచే ఉంటది. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో అయితే ముందు ఒక అద్దం అడ్డం ఉంటది, అది వేరే సంగతి. మధ్యాహ్నం పూట మూత తీసిన కెమెరాని లెన్సు పైకి ఉండేలా గట్టు మీద పెట్టి అన్నానికి పోతే, వచ్చేలోపు సెన్సార్ మీద కాలిన మచ్చ పడొచ్చు. అది రిపేరు చేసేది కాదు, మార్చేది. ఆ ఖర్చులో ఇంకో కెమెరా వస్తది.

వానాకాలంలో మాత్రం తడిసిన మూత పెట్టకండి. తడి గింజలు గోతాంలో కట్టేస్తే ఏమవుద్దో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లెన్సు లోపల కూడా బూజు పడుద్ది, సాలెగూడులాగా కనపడుద్ది, ఒకసారి పడితే పూతని కూడా తినేస్తది. మూత, లెన్సు రెండూ ఆరినాకే పెట్టి, సంచిలో ఒక సిలికా జెల్ పొట్లం వేయండి.

తీసిన మూత ఎక్కడికి పోద్దో ఆలోచించకపోతే ఎంత చదువుకున్నోళ్లకైనా తిప్పలే. రష్యా వాళ్లు సోవియట్ రోజుల్లో శుక్ర గ్రహం మీదికి వెనెరా అనే నౌకలు పంపారు. 1978లో దిగిన వెనెరా 11, 12 కెమెరాల మూతలు ఊడనే లేదు. అంత దూరం పోయి ఒక్క ఫొటో రాలేదు. తర్వాత మూతలు బాగు చేశారు. 1982 మార్చి 5న దిగిన వెనెరా 14 మూతలు చక్కగా ఊడాయి. ఆ నౌకకి నేల ఎంత గట్టిదో చూడటానికి ఒక చెయ్యి ఉంది, దిగగానే అది కిందికి వాలి నేలని నొక్కి చూడాలి. ఊడిన మూతల్లో ఒకటి సరిగ్గా ఆ చెయ్యి వాలే చోటే పడింది. చెయ్యి దాని మీదే దిగింది. శుక్రుడి మట్టికి బదులు కెమెరా మూతకి పరీక్ష జరిగింది! సుమారు 465 డిగ్రీల వేడిలో ఆ నౌక బతికింది 57 నిమిషాలే, మళ్లీ కొలిచే అవకాశం ఎక్కడిది. పెంట కుప్ప పక్కనో చెట్టు నీడలోనో మట్టి నమూనా తీసి ల్యాబుకి పంపే మనవాళ్లు గుర్తొచ్చారు నాకు.

రంగు సంగతి ఒకటి. కంపెనీలన్నీ మూత నల్లగానే చేస్తాయి. నల్లరేగడిలో నల్ల మూత పడితే మధ్యాహ్నం ఎండలో కూడా కనపడదు. బయటి వైపు పసుపు రంగు టేపు ముక్క అంటించి దాని మీద ఫోన్ నంబరు రాయండి. కలుపు తీసే కూలీలకి దొరికినా ఫోన్ చేస్తారు. లోపలి వైపు ఏమీ అంటించొద్దు, జిగురు అద్దానికి తగులుద్ది. సాయంత్రం పొలం నుంచి కదిలేముందు కొడవళ్లు లెక్కపెట్టుకుంటాం కదా, అప్పుడే చెయ్యి జేబు మీద వేసి చూసుకోండి. దొరక్కపోతే ఆ రోజే వెతకాలి, పొలం గలాయనకి చెప్పాలి. మొహమాటపడి ఊరుకుంటే ఆ గడ్డి వాములోకి పోద్ది.

స్క్రీన్ నల్లగా ఉంటే ఎండకి కనపడట్లేదని బ్రైట్‌నెస్ పెంచుకుంటూ కూర్చునేవాళ్లు ఉన్నారు. ముందు మూత తీశారో లేదో చూసుకోండి. చిన్న డ్రోన్లు ఉన్నోళ్లు మరీ జాగ్రత్త. దాని కెమెరా మీద ఉండే కవర్ తీయకుండా స్విచ్చి వేస్తే లోపల కెమెరాని తిప్పే మోటారు తిరగలేక గింజుకుంటది.

ఇంకోటి కొనేటప్పుడు చాలామంది పొరపడేది సైజు దగ్గర. లెన్సు మీద 18-55 అని ఉంటే 55 మూత కావాలని అడుగుతారు. ఆ అంకె జూమ్‌ది, మూతది కాదు. డీఎస్‌ఎల్‌ఆర్‌తో వచ్చే కానన్ 18-55 లెన్సుకి పట్టేది 58 మిల్లీమీటర్ల మూత. అదే కంపెనీ 50 ఎస్‌టీఎం లెన్సుకి 49. లెన్సు ముందు అంచు మీద సున్నాకి అడ్డంగా గీత ఉన్న గుర్తు పక్కన ఒక అంకె ఉంటది, అదే మూత సైజు. చెవులు అంచులో ఉండే రకం కాకుండా మధ్యలో నొక్కేది తీసుకోండి, హుడ్ బిగించి ఉన్నా వేళ్లు లోపలికి పోతాయి. రెండు తెప్పించి ఒకటి ఇంట్లో కెమెరా పెట్టె లోపలే ఉంచండి, పొలానికి తీసుకెళ్లొద్దు.