పాత పాటలపెట్టెకు పట్టిన దుమ్ము

పండుగదినములకు ముందు ఇల్లు దులుపునపుడు, అటుకమీదనున్న తాతలనాటి గ్రామఫోనును, రికార్డులను క్రిందికి దింపు సోదరీమణులు కొందఱు గలరు. దుమ్ము కంటబడగనే తడిగుడ్డ చేతబట్టుట గృహిణికి సహజము. కాని వీనియెడల ఆ తొందర తగదని మా మనవి. ఏండ్లతరబడి పేరుకొనిన దుమ్ము చేయని కీడును ఒక్క నిమిషపు తుడుపు చేయగలదు.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ బరువైన నల్లని రికార్డులు సామాన్యముగా లక్కతో చేసినవి. లక్కగాజులకు వాడు లక్కనే శుద్ధిచేసి, అందు మెత్తని రాతిపొడిని, నల్లరంగును కలిపి, వీనిని అచ్చొత్తిరి. కుర్చీలకు మెఱుగుపెట్టు పనివాండ్రు లక్కను స్పిరిటులో కరగించుట మీరు చూచియే యుందురు. ఆ స్పిరిటు రికార్డునకు తగిలినచో దానిమీది సన్నని గీతలు చెడును. గీతలతో పాటయు పోవును. నేడు చేతులకు రాచుకొను సానిటైజరులలోను, అద్దములు తుడుచు కొన్ని ద్రవములలోను స్పిరిటు ఉండును గనుక వానిని దగ్గఱకు రానీయరాదు. 1948లో అమెరికాలో వెలువడిన వినైలు రికార్డులు వేఱు పదార్థముతో చేసినవి. వానికి చెప్పిన పద్ధతి వీనికి పనికిరాదు.

చేయదగిన విధమిది. చేతులు కడిగి, తడియార్చుకొని, రికార్డును అంచులయందు మాత్రమే పట్టుకొనవలెను. పొడిగానున్న మెత్తని కుంచెతో గీతల వెంబడి గుండ్రముగా దులుపవలెను. అడ్డముగా రుద్దినచో దుమ్ములోని ఇసుకరేణువులు గీతలను కోయును. జిడ్డు మిగిలినచో, డిస్టిల్డు వాటరులో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తేలికగా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను. నీట నానబెట్టరాదు. నడుమనున్న కాగితపుబిళ్ళను తడుపరాదు. ఎండబెట్టినచో రికార్డు వంగిపోవును గాన నీడనే ఆరనిచ్చి, నిలువుగా సర్దవలెను. పగులుబారిన రికార్డును తడుపకుండుటయే మేలు.

పెట్టెను పొడిగుడ్డతో తుడిచిన చాలును. ఉక్కుముల్లు రికార్డు ఒక్క వైపు వాయించుటకే పనికివచ్చును. అరిగిన ముల్లు గీతలను చెక్కివేయును.

వాల్వులుగల పాత రేడియో విషయమున ఇంకను జాగ్రత్త వలయును. ప్లగ్గు తీసి, పైభాగమును మాత్రమే తుడువుడు. వెనుకపలక విప్పరాదు. ప్లగ్గు తీసిన పిదపను లోపలి కెపాసిటరులలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును. బహుకాలము మూలబడిన రేడియోను, పలుకునో లేదో చూతమని, వెంటనే కరెంటునకు తగిలింపకుడు. లోపలి పని తెలిసినవారికి చూపించుటయే క్షేమము.

10 అంగుళముల రికార్డు ఒక్కొక్క వైపున సుమారు 3 నిమిషముల పాటయే యుండును. ఆనాటి నాటకపద్యములలోను, హరికథలలోను కొన్ని మఱి యెచ్చటను లభింపకపోవచ్చును. శుభ్రపఱచిన రికార్డును తెలిసినవారిచే ఒక్కమాఱు వాయింపించి, ఆ పాటను కంప్యూటరులో భద్రపఱపించుడు. అప్పుడు మీ దులుపుట సార్థకమగును. ఆ కంఠము మీ మనుమరాండ్రకును వినబడును.