బంపరుకు తుప్పు పడుతుందా?

కొత్త కారు, అందులోనూ తెల్ల కారు కొన్న ఇళ్ళలో ఒక దిగులు తరచుగా చూస్తుంటాం. ఎండాకాలమంతా కారు అద్దంలా మెరుస్తుంది. జూన్‌లో రెండు జల్లులు పడతాయి. మర్నాడు తుడవబోతే బానెట్టు మీదా, పైకప్పు మీదా సన్నసన్నని నారింజరంగు చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి ఆవగింజంతైనా వుండదు గాని, లెక్కపెడితే వందల్లో తేలుతాయి. నీళ్ళు పోసి రుద్దితే పోవు. అప్పు కిస్తీలు ఇంకా మొదట్లోనే వున్నాయి, బండికి అప్పుడే ఈ రోగమా అని ఇంటిల్లిపాదీ నీరుకారిపోతారు. కిరాయికి తిప్పుకొని బతుకుదామని కొన్న కారయితే ఆ దిగులు మరీ పెద్దది.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు దీన్ని జంగు అంటారు. పుస్తకాల్లో తుప్పు అని వుంటుంది. పేరు ఏదయినా, చుక్కలు కనబడగానే చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చే తీర్పులు మాత్రం మూడే. "రేకు మంచిది కాదు, లోపల్నించి జంగు పడుతున్నది" అని ఒకరు. "మన బోరునీళ్ళతో కడిగితే ఏ కారైనా ఇంతే" అని మరొకరు. "ఆలస్యం చేస్తే చిల్లులు పడతాయి, బానెట్టుకు మళ్ళీ రంగు వేయించండి" అని మూడోవారు. మూడో తీర్పుకు వేలల్లో ఖర్చవుతుంది.

ఈ మూడూ విచారణ లేకుండా ఇచ్చిన తీర్పులని నా అభిప్రాయం. ఏడో తరగతి విద్యార్థి ఒక భూతద్దం పట్టుకొని పది నిమిషాలు కారు చుట్టూ తిరిగితే ఇంతకంటే మంచి తీర్పు చెప్పగలడు.

తుప్పు పాఠం మీకు తెలిసిందే. మూడు పరీక్షనాళికలు, మూడింటిలోనూ మేకులు. ఒకదానిలో మామూలు నీళ్ళు. ఒకదానిలో మరగకాచి చల్లార్చిన నీళ్ళు, పైన నూనె పొర. ఇంకొకదానిలో తేమను పీల్చే కాల్షియం క్లోరైడు. కొన్నాళ్ళకు చూస్తే మొదటి నాళికలోని మేకులకే తుప్పు పడుతుంది. కనుక తుప్పు పట్టడానికి గాలీ నీరూ రెండూ కావాలని రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఈ జవాబులో ఒకటి జారిపోయింది, చూశారా? గాలీ నీరూ సరే, ఇనుము కూడా వుండాలి కదా! నాళికలో మేకులు వేసింది మనమే గనుక ఇనుము ఎక్కడిదని ఎవరూ అడగరు. కారు మీది చుక్క విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఈ చుక్కలో ఇనుము ఎక్కడిది?

కారు రేకుదే అనిపించడం సహజం. కాని ఆ రేకు ఎక్కడ దాగి వుందో చూడండి. ఈనాటి కార్ల ఉక్కు రేకుల్లో చాలావాటికి ముందే జింకు పూత వుంటుంది, మన ఇళ్ళలోని జి.ఐ. బకెట్టుకు వున్నట్టే. తర్వాత కారు గుల్ల మొత్తాన్నీ ఫాస్ఫేటు స్నానం చేయించి, రంగు తొట్టిలో ముంచి, కరెంటు పంపుతారు. కుంచె దూరని మూలల్లోకి కూడా ఆ రంగు వెళ్ళి అతుక్కుంటుంది. దాని మీద ఇంకొక పూత, దాని మీద మనకు కనిపించే రంగు, అన్నిటి మీదా రంగులేని పారదర్శక పూత. పై పూతలను 130, 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఇన్ని పూతలూ కలిపి మందం ఎంత? సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు. పలుచనిదే, కాని గట్టిది. అది పగలకుండా లోపలి ఇనుము బయటికి వచ్చి చుక్కలు పెట్టలేదు.

ఇప్పుడు బంపరు దగ్గరికి రండి. ఈ కాలపు కార్లకు ముందు బంపరు ప్లాస్టిక్కు. పక్క అద్దాల డిప్పలు కూడా ప్లాస్టిక్కే. వాటి పైభాగాన అవే నారింజ చుక్కలు వున్నాయేమో చూడండి. ముందు అద్దం అంచుల్లో వేలితో తడిమి చూడండి. ప్లాస్టిక్కుకు తుప్పు పట్టడం, గాజుకు తుప్పు పట్టడం ఎవరైనా విన్నారా? అక్కడ కూడా చుక్క వుందంటే అందులోని ఇనుము కారుది కాదు. బయటినుంచి వచ్చి పడింది. "రేకు మంచిది కాదు" అన్న తీర్పు ఈ ఒక్క సాక్ష్యంతోనే కొట్టుడుపోతుంది.

భూతద్దంతో చూస్తే ఇంకొంచెం తెలుస్తుంది. చాలా చుక్కల నడుమ నల్లని రేణువు వుంటుంది, చుట్టూ నారింజ వలయం. అది ఇనప రజను. రంగుపూతలో గుచ్చుకొని వుంది. అరచేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కొని, కడిగి ఆరబెట్టిన బానెట్టు మీద మెల్లగా రాసి చూడండి, గరగరలాడుతుంది. వట్టి చేతికి తెలియని గరుకు సంచి చేతికి తెలియడం తమాషాగా వుంటుంది. సంచి చర్మం రాపిడిని తగ్గించి, ఎత్తుపల్లాలను మాత్రం వేళ్ళకు అందిస్తుంది.

బోరునీళ్ళ తీర్పు సంగతేమిటి? మన ప్రాంతంలో చాలాచోట్ల బోరునీళ్ళు కఠినజలమే. అవి ఆరితే మిగిలేది తెల్లని సున్నపు వలయం, నారింజ చుక్క కాదు. నీళ్ళలో ఇనుమే ఎక్కువగా వుంటే కారుకంటే ముందు బకెట్టు, స్నానాలగది గచ్చు గోధుమరంగుకు తిరుగుతాయి. వాటిని చూసి మాట్లాడాలి. చెట్టు కింద నిలిపిన కారు మీద తేనెటీగల రెట్టలు కూడా పసుపు, గోధుమ చుక్కలుగా పడతాయి. అవి నానబెడితే పోతాయి.

నిజమైన తుప్పు కారుకు రాదని నేననడం లేదు. రాయి తగిలి పూత లేచినచోట, తలుపు కింది అంచున, చక్రాల పైనున్న వంపుల్లో అది మొదలవుతుంది. అక్కడ రంగు బుడగలా ఉబ్బుతుంది, గీరితే పెచ్చుగా లేస్తుంది. అది వేరే రోగం. దానికి రంగు వేయించవలసిందే. రోగం ఏదో తెలియకుండా మందు వేయకూడదన్నదే నా వాదన.

మరి ఈ రజను ఎక్కడిది? ఇంగ్లీషువాళ్ళు దీనికి రైల్ డస్ట్ అని పేరుపెట్టారు. అమెరికాలో కొత్త కార్లు రైళ్ళలో ప్రయాణించేవి. చక్రమూ పట్టా రాసుకున్నప్పుడు, బ్రేకు పడినప్పుడు రాలిన ఇనుము వాటి మీద పడేది. మన దేశంలోనూ కార్లు రైలెక్కుతున్నాయి. తయారైన కార్లలో 2013-14లో నూటికి రెండు కూడా రైలెక్కేవి కావు, 2024-25 నాటికి దాదాపు నాలుగోవంతుకు చేరాయి. మూసివున్న వ్యాగన్లలో తీసుకుపోతారు గనుక రజను పడడం తగ్గుతుంది. అయినా కారు గిడ్డంగి దగ్గర ఆగుతుంది, యార్డులో ఆగుతుంది, పట్టాల పక్కన ఆగుతుంది.

రైలు ఎంత రజను రాలుస్తుందో చూడాలంటే గద్వాల స్టేషనుకో వనపర్తి రోడ్డు స్టేషనుకో వెళ్ళండి. ప్లాట్‌ఫారం మీదే నిలబడి (పట్టాల మీదికి దిగవద్దు) కంకర రంగు గమనించండి. రైళ్ళు బ్రేకు వేసి ఆగేచోట కంకర గోధుమరంగుకు తిరిగి వుంటుంది. ఊరి బయట రైలు వేగంగా దూసుకుపోయేచోట అదే రాయి అంత గోధుమగా వుండదు. రాయికి తుప్పు పట్టలేదు, దాని మీద ఇనుము పడి తుప్పుపట్టింది. పోత ఇనుముతో చేసే పాత బ్రేకు దిమ్మెల స్థానంలో ఇప్పుడు వేరే పదార్థాల మిశ్రమంతో చేసినవి వచ్చాయి. కాని చక్రమూ పట్టా ఉక్కువే, వాటి అరుగుదల ఆగలేదు.

ఇక్కడ తెలివైన పిల్లవాడు ఒక ప్రశ్న వేస్తాడు. నాగర్‌కర్నూలుకు రైలే లేదు కదా, అక్కడి కార్ల మీద చుక్కలెందుకు? మంచి ప్రశ్న. కొంత రజను కారు ఊళ్ళోకి రాకముందే పడి వుండవచ్చు. వాహనాల బ్రేకుల నుంచి రాలేది కొంత. కాని మన ఊళ్ళలో నేను మొదట అనుమానించేది రోడ్డు పక్క వెల్డింగు దుకాణాన్ని. ట్రాక్టరు ట్రాలీలు, ఇంటి గేట్లు, కిటికీ గ్రిల్లులు, నాగళ్ళు, అన్నీ అక్కడే తయారవుతాయి, అక్కడే బాగవుతాయి. గ్రైండరు ఇనుముకు తగలగానే రవ్వలు నెమలిపింఛంలా విచ్చుకుంటాయి. చూడ్డానికి ముచ్చటగా వుంటుంది. ఆ ఒక్కో రవ్వా మండుతున్న ఇనప తునక.

ఇనుము మండుతుందా, మా ఇంటి పెనం రోజూ పొయ్యి మీదే వుంటుంది, మండదే అంటారేమో. తేడా పరిమాణంలో వుంది. ఒక సెంటీమీటరు ఘనం తీసుకోండి. దాని పైవైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరులో పదోవంతు ఘనాలుగా కోస్తే పది లక్షల ముక్కలవుతాయి. అన్నిటి పైవైశాల్యం కలిపితే 600 చదరపు సెంటీమీటర్లు, అంటే నూరు రెట్లు. ఇనుము అంతే, ఆక్సిజన్ దాన్ని తాకే చోటు నూరింతలు. అందుకే తునక ఎగురుతూనే భగ్గుమంటుంది. వేడిగా వుండగానే కారు మీద పడితే రంగుపూతను కరిగించి అందులో కూర్చుంటుంది. పొడిగా రుద్దితే రాకపోవడానికి కారణం అదే. మిగిలిన ఇనుము తర్వాత తీరిగ్గా తుప్పుపడుతుంది. అక్కడా పైవైశాల్యం లెక్కే పనిచేస్తుంది గనుక, గడ్డపార కంటే రజను చాలా త్వరగా తుప్పవుతుంది.

వానకూ చుక్కలకూ వున్న సంబంధం కూడా ఇప్పుడు తెలిసిపోతుంది. మన పాలమూరు ఎండాకాలం పొడిగాలి కాలం. గాలిలో తేమ తక్కువగా వున్నప్పుడు తుప్పు చాలా మెల్లగా సాగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా పడిన రజనంతా నల్లని నలుసులుగా, కంటికి ఆనకుండా వుండిపోతుంది. జూన్ జల్లు పడగానే అన్నీ ఒకేసారి నారింజరంగు తేలుతాయి. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి, కనుక చుక్క రజను కంటే పెద్దదిగా కనిపిస్తుంది. పాపం, నింద మాత్రం వాన మీద పడుతుంది. నల్లకార్ల మీదా ఇంతే పడుతుంది గాని కనిపించదు.

ఇక ఏం చేయాలి? ముందు ఏం చేయకూడదో చెబుతాను, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరుగుతుంది. గరుకు కాగితం వద్దు. గిన్నెలు తోమే ఉక్కుపీచు అసలే వద్దు. పైపూతను గీకడమే కాక, దాని తీగలు విరిగి కొత్త ఇనుము చేరుతుంది. మరుగుదొడ్డి కడిగే ఆమ్లం జింకునూ తింటుంది, చేతినీ తింటుంది. చింతపండుతో ఇత్తడి చెంబు తోమినట్టు కారును తోమి ఎండలో వదిలేసేవాళ్ళున్నారు. ఆమ్లం తుప్పును కరిగిస్తుందన్న ఊహ సరైనదే, కాని అది ఎండలో పూత మీద ఎండిపోతే మరక పడుతుంది.

నీడలో, రేకు చల్లగా వున్నప్పుడు నీళ్ళు ధారాళంగా పోసి కడగాలి. ఇనుమును తొలగించే ద్రవం కార్ల సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. చల్లిన కాసేపటికి చుక్కలన్నీ ఊదారంగులో కారడం మొదలవుతుంది. అందులోని థయోగ్లైకొలేట్ అనే రసాయనం ఇనుముతో కలిసి ఆ రంగుగల సంయోగ పదార్థాన్ని ఇస్తుంది. చుక్కల్లో వున్నది ఇనుమేననడానికి అదొక రసాయన పరీక్ష కూడా! కుళ్ళిన కోడిగుడ్డులాంటి వాసన వస్తుంది. ఈ పని పెద్దవాళ్ళు చేతితొడుగులతో చేయాలి, ద్రవం ఎండిపోకముందే కడిగేయాలి. మొండిగా మిగిలినవాటిని తీయడానికి బంకమట్టి ముద్దలాంటిది అమ్ముతారు. సబ్బునీటి మీద మెల్లగా జరిపితే రజనును లాగేసుకుంటుంది. అలా అని ఏళ్ళ తరబడి ఊరుకోమనను, ఉబ్బిన తుప్పు పూతను లేపుతుంది. కాని కార్ఖానాలో కొలిమి వేడికి గట్టిపడిన పూతను గీకించి, రోడ్డు పక్క షెడ్డులో కొత్త రంగు కొట్టించుకోవడం బంగారం ఇచ్చి ఇత్తడి తెచ్చుకోవడమే.

చుక్కలు పోయాక కూడా ఒక విషయం మిగులుతుంది. బానెట్టు దాకా వచ్చిన రజను దారిలో ఇంకెక్కడ పడింది? గ్రైండరు పట్టుకున్న మనిషి మొహం బానెట్టు కంటే చాలా దగ్గర. కడ్డీ కదలకుండా పట్టుకున్న కుర్రవాడి మొహం ఇంకా దగ్గర. అదే రవ్వ కంటి నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరలో, అంటే శుక్లపటలంలో గుచ్చుకుంటే, అక్కడా కన్నీళ్ళున్నాయి, గాలి వుంది. గంటల్లోనే తుప్పు మొదలై, రజను చుట్టూ నారింజ వలయం ఏర్పడుతుంది. కంటివైద్యులు దాన్ని తుప్పు వలయమనే పిలుస్తారు. నులమడం, నాలుకతో తీయించడం, గుడ్డ కొసతో గెలకడం మన ఊళ్ళలో ఇప్పటికీ చూస్తాం. అవన్నీ పుండు పెద్దది చేసేవే. కంటి డాక్టరు సూక్ష్మదర్శినితో చూసి రజనునూ, వలయాన్నీ తీయాలి. అదీ ఆ రోజే.

కారు మీద చుక్క పడితే పదిమంది గుమిగూడతారు. వెల్డింగు కుర్రవాడి కన్ను ఎర్రబడితే "అలవాటే" అని ఊరుకుంటారు. ఈ తేడా నాకు నచ్చదు. గ్రైండరు రవ్వలు వీధివైపు కాక గోడవైపు పోయేలా నిలబడవచ్చు. ఒక పాత రేకును అడ్డంగా నిలబెట్టవచ్చు, రజను దాని కిందే రాలుతుంది. ఇక కళ్ళద్దాలంటారా, ఒక్క బానెట్టుకు మళ్ళీ రంగు వేయించే డబ్బుతో దుకాణంలో పనిచేసే అందరికీ వస్తాయి, కడ్డీ పట్టుకునే కుర్రవాడితో సహా.